నలభై ఏళ్ళ కమలాతొక్క

"ఆ కుడుముల బుట్టలు కాస్త పక్కకి జరపండర్రా!" అంటూ లాం పెద్దావిడ సంచిలోంచి పాత రేకు డబ్బా ఒకటి తీసి బల్ల నడిమధ్య పెట్టింది. దాన్ని చూడగానే కోడలు సుక్‌యీకి రొయ్యల కుడుము గొంతుకి అడ్డం పడింది.

"దీన్ని హోటలుకెందుకు తెచ్చారత్తయ్యా?"

"ఎందుకేమిటి? మా తోడికోడలు వస్తోంది కదా! 'నీ దగ్గర అంత పాత కమలాతొక్క ఉందంటే నేన్నమ్మను' అందిట నలుగురిలో. తొక్క ముక్కు దగ్గర పెట్టుకుందంటే చాలు, ఎన్నేళ్ళ కిందటిదో ఠక్కున చెప్పేస్తుంది మహాతల్లి. రానీ, చెప్పనీ! మా అత్తగారు తన చేతుల్తో ఎండబెట్టిన సరుకిది. ఈ తొక్క ఎంత పాతబడితే అంత విలువ, దీనికి నలభై ఏళ్ళు! ఇవాళ్టితో ఆవిడ పొగరు దిగాలి!"

కొడుకు కిన్‌వా టీ కూజా ఎత్తి ముందుగా తల్లి కప్పు నింపాడు. ఆవిడ తోడికోడల్ని తిట్టడం ఆపకుండానే రెండు వేళ్ళతో బల్లమీద టక్ టక్‌మని తట్టింది. టీ పోసినవాళ్ళకి థాంక్స్ చెప్పే పని నోటిది కాదు, వేళ్ళది. నోటికి వేరే పనులుంటాయి.

ఆదివారం ఉదయం. షాం షుయ్ పో పేట జనమంతా ఆ హోటల్లోనే ఉన్నట్టుంది. తింటున్నవాళ్ళ కుర్చీల వెనక, ఎప్పుడు లేస్తారా అని నిలబడ్డవాళ్ళు నిలబడే ఉన్నారు. ఆవిరి బుట్టల బండి తోసుకుంటూ వచ్చినామె కోడికాళ్ళో అని కేక పెట్టింది. పెద్దావిడ ఒక బుట్ట దింపించుకుని, రెండు కాళ్ళు శుభ్రంగా చప్పరించి, ఎముకలు పళ్ళెంలో ఉమ్మేసి, వెనక్కి వాలింది. తెల్లారకుండానే లేచి పార్కులో కసరత్తు చేసే మనిషి. పొట్టలో ఇంత పడితే ఎక్కడున్నా కునుకే. ఒక చెయ్యి డబ్బా పక్కనే బల్లమీద ఉంచి, కళ్ళు మూసుకుంది. కాసేపట్లో గురక మొదలైంది.

సుక్‌యీ మొగుడి వైపు వంగింది. "కిన్‌వా, నా పని అయిపోయింది."

"ఏమైందే?"

"ఆ డబ్బాలో ఉన్నవి అవి కావు."

"ఏవి కావు?"

"మీ నాయనమ్మ తొక్కలు! కొత్త సంవత్సరానికి ఇల్లు దులిపాను చూడు, అప్పుడు కనపడ్డాయి. నల్లగా, ముట్టుకుంటే విరిగిపోయేలా ఉన్నాయి. ఏదో చెత్తనుకుని పారేశాను. డబ్బా కడిగి బోర్లించాక గుర్తొచ్చింది, అవేమిటో! కిందికి పరిగెత్తేసరికి చెత్తబండి వెళ్ళిపోయింది."

కిన్‌వా నోరు తెరిచాడు. "మరి ఇవి?"

"పండక్కి మనం తిన్న కమలాలవే. కిటికీలో ఎండబెట్టి, చిక్కటి టీలో ముంచి, మళ్ళీ ఎండబెట్టాను."

"అంటే మొన్న అమ్మ బాతు పులుసులో వేసింది..."

"ఇదే."

"అమ్మ వాసన చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది కదే! 'మా అత్తగారే వచ్చి పొయ్యి దగ్గర నిలబడినట్టుంది' అని!"

"నేనేం చెయ్యను? మీ అమ్మకి ముక్కు ముఖానికి అందం కోసమే ఉంది!"

కిన్‌వా ఆపుకోలేక కిసుక్కున నవ్వాడు. అంత భయంలోనూ సుక్‌యీకీ నవ్వొచ్చింది.

గురక ఆగింది.

ఇద్దరూ బిగుసుకుపోయారు. పక్క బల్ల దగ్గర ఎవరో కూజా మూత పక్కకి పెట్టి వేడినీళ్ళ కోసం అరిచారు. పెద్దావిడ గొంతు ఒకసారి గరగరలాడింది. మళ్ళీ గురక అందుకుంది.

"నవ్వకు. మీ పెద్దమ్మ ఇంకాసేపట్లో వస్తుంది" అంది సుక్‌యీ. ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. "ఆ ముక్కు ముందు ఇది నిలుస్తుందా? నన్ను తిడితే పడతాను. కానీ అందరిముందూ ఈవిడ తల దించుకోవాలే! అది నేను చూడలేను కిన్‌వా."

కిన్‌వా పందిమాంసం బన్ను ఒకటి పూర్తిగా తిని మరీ ఆలోచించాడు.

"ఓ పని చేద్దాం. పెద్దమ్మ కూర్చోగానే నువ్వు డబ్బా మూత తీసి మర్యాదగా ముందుకు జరుపు. నేను టీ పోయబోతాను. చెయ్యి జారుతుంది. కూజాడు టీ డబ్బాలో పడుతుంది. తడిసి ముద్దయిన తొక్కకి వయసేం తెలుస్తుంది?"

"అత్తయ్య నిన్ను చంపేస్తుంది."

"కన్నకొడుకుని! పది రోజులు తిట్టి తనే ఊరుకుంటుంది. అదే నువ్వయితే జన్మంతా తిడుతుంది."

సుక్‌యీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఈ తిండిపోతు బుర్రలో ఇంత ఉపాయం ఉందా అని మొగుణ్ణి మురిపెంగా చూసింది. కంగారులో గొంతు ఎండిపోయింది. కూజా అందుకుంది. పెద్దవాళ్ళు కూర్చున్న బల్ల దగ్గర ముందు తన కప్పు నింపుకునే పెంపకం కాదు ఆమెది, ఆ పెద్దవాళ్ళు నిద్దరోతున్నా సరే. అందుకని మెల్లగా వంగి, చప్పుడు కాకుండా, అత్తగారి కప్పులో టీ పోసింది.

పెద్దావిడ కళ్ళు తెరవలేదు. గురకా ఆపలేదు.

డబ్బా పక్కనున్న చేతి రెండు వేళ్ళు మాత్రం లేచి, బల్లమీద టక్ టక్‌మన్నాయి.