పెంచలయ్య గొంతు

గొంతు ఆపరేషన్ అయ్యాక పెంచలయ్య మెడపట్టీతోనే మాట్లాడేవాడు. పెదవులు కదిలిస్తే చాలు, ఇంట్లోని హార్డ్ డిస్క్‌లో దాచిన ఆయన పాత గొంతు ఆ పట్టీలోంచి పలికేది. నెల్లూరులో అలాంటివాళ్లు ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురున్నారు. ఆ ఉదయం డిస్క్ టకటకా కొట్టుకోవడం మొదలైంది.

రిపేరుకు వచ్చిన షాహీన్ కొత్త డిస్క్ తగిలించి కాపీ మొదలుపెట్టింది.

“పూర్తయ్యేదాకా ఒక్క మాట కూడా మాట్లాడబాకండి పెద్దాయనా. మాట్లాడితే దానిమీద భారం పడి ఆగిపోద్ది. మళ్లీ తిరగదు.”

“కాపీ కాకుండా పోయిన మాటల సంగతో?” అని ఆయన భార్య కామాక్షి అడిగింది.

“వాటిని కంపెనీవాళ్లు పెట్టిన వేరే గొంతు పలుకుద్దమ్మా.”

పెంచలయ్య పెదవులు బిగించి కూర్చున్నాడు. కాపీ సగం దాటింది. అప్పుడే ఆయనకు మూడేళ్ల మనవరాలు కనిపించింది. స్నానాల గదిలో హీటర్ పెట్టిన బకెట్ మీదికి వంగి చెయ్యి చాపుతోంది. ఆడవాళ్లిద్దరూ డిస్క్ వైపే చూస్తున్నారు. లేచి వెళ్లే వ్యవధి లేదు.

“చిన్నీ! ఆగు!”

పాప ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. కామాక్షి పరుగెత్తి ఎత్తుకుంది. డిస్క్ గరగరమని ఆగిపోయింది.

షాహీన్ చాలాసేపు ప్రయత్నించి, చివరికి తల అడ్డంగా ఊపింది. “వచ్చిన కాడికి ఎక్కించినా. ఏదైనా మాట్లాడండి.”

పెంచలయ్య భార్య వైపు తిరిగి పెదవులు కదిలించాడు.

“కామాక్షీ.”

పట్టీలోంచి వచ్చింది ఎవరో కుర్రవాడి గొంతు. పాప బెదిరి నాయనమ్మ మెడ కరుచుకుంది. పెంచలయ్య తల దించుకున్నాడు.

“ఆఁ, వస్తుండా,” అని ఎప్పుడూ పలికినట్టే పలికి, కామాక్షి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.