ఇంకా ఇరవై మూడు

"మూత్రాశయం నిండలేదండీ, నీళ్లు తాగి రండి," అని రేడియేషన్ గదిలోంచి టెక్నీషియన్ టైలరును వెనక్కి పంపేసింది.

వరుసగా ఇది రెండో రోజు.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ముప్పై ఏడు రోజుల వైద్యం. పదమూడు రోజులు అయ్యేసరికే టైలరుకు గుండె జారిపోయింది. మూత్రానికి వెళితే మంట. గంటకు నాలుగుసార్లు పరుగు. మొన్న కొట్లో ఒక పెద్దమనిషి నడుముకు కొలత టేపు చుట్టి, అలాగే వదిలేసి బాత్రూమ్‌లోకి పారిపోయాడు. ఇక బతికినంతకాలం ఇంతేనేమోనని భయం పట్టుకుంది.

అందుకే ఎవరికీ చెప్పకుండా ఒక తెలివితక్కువ పని చేశాడు. నీళ్లు తాగడం మానేశాడు.

వరండా బెంచీ మీద సీసా బాబాయి కూర్చుని ఉన్నాడు. వారం రోజులుగా భార్యతో, చేతికర్రతో వస్తున్న ముసలాయన. కనిపించిన వాడికల్లా తాగమని నీళ్ల సీసా అందిస్తాడు కాబట్టి ఆ పేరు. అడగని సలహాలు చెప్పేవాళ్లంటే టైలరుకు ఒళ్లుమంట. ఆయన్ని చూస్తే నిద్ర నటించేవాడు.

ఆ రోజు ముసలాయనే జరిగి అతని పక్కకు వచ్చాడు.

"మంటకు భయపడి నీళ్లు మానేశావు కదూ?"

టైలరు ఉలిక్కిపడ్డాడు. డాక్టరుకు కూడా చెప్పని సంగతి అది.

"రేపటి నుంచి రాను బాబాయ్. నా వల్ల కాదు."

మూత్రాశయం నిండుగా ఉంటేనే కిరణాలకు ఎడంగా జరుగుతుందని, ఖాళీగా ఉంటే బాధ ఇంకా పెరుగుతుందని ముసలాయన నెమ్మదిగా చెప్పాడు. మంటకు మందుందట. చాలామందికి వైద్యం ముగిసిన కొన్ని వారాలకు తగ్గుతుందట. డాక్టరు దగ్గర సిగ్గెందుకన్నాడు.

"మీకు తగ్గిందా?"

"ముప్పై ఏడూ పూర్తి చేశాను. గుండ్రాయిలా లేనూ? ఇప్పుడొచ్చేది నడుం నొప్పికి, వయసు కదా. ఇవాళ్టిది పోతే నీకింకా ఇరవై మూడే. తాగు."

టైలరు తాగాడు. డాక్టరుకు అంతా చెప్పి మందు తెచ్చుకున్నాడు. మంట పూర్తిగా పోలేదు గానీ ఓర్చుకోగలిగాడు. భయం వేసినప్పుడల్లా ఆ గుండ్రాయి మనిషిని తలుచుకునేవాడు. నాలుగు రోజుల తర్వాత ముసలాయన రావడం మానేశాడు. నొప్పి తగ్గి ఉంటుందని టైలరు అనుకున్నాడు.

ముప్పై ఏడో రోజున కౌంటరు దగ్గర ముసలాయన భార్య ఒంటరిగా, ఏవో కాగితాల కోసం నిలబడి కనిపించింది. టైలరు సంచిలోంచి చొక్కా తీశాడు.

"బాబాయికి, పిన్నీ. కంటి కొలతతోనే కుట్టాను."

ఆమె చొక్కా అందుకుని మడత మీద చెయ్యి రాసింది.

"పోయి తొమ్మిది రోజులైంది నాయనా. ఆ జబ్బే."

ముప్పై ఏడూ పూర్తి చేసినాయనకే ఇలాగైతే తన గతేమిటి? టైలరు ఆ మాటే పైకి అనేశాడు.

ఆమె వింతగా చూసింది.

"పూర్తి చేశారని ఎవరన్నారు? ఆరేళ్ల కిందట మంటకు భయపడి సగంలోనే ఇంటికొచ్చేశారు, ఎముకలకు పాకేదాకా మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు."