నిండు చేతుల రవికె

మిషను మీద నాటకంలోని దొరసాని రవికె సగంలో ఉండగా హన్మంతు అన్న మాటకు చంద్రకళ కాలు పెడలు మీదే ఆగిపోయింది.

"రేపు మొగిలవ్వను తోలుకస్తున్న పెద్దమ్మా. దొర గడిల ఇరవై ఏండ్లు ఊడిగం చేసింది. వేషాల బట్టలు ఆమె సూసి అవునంటెనే లెక్క."

"ఏ గడి?"

"రాయికల్ అవతలది. పురుషోత్తం రావు దొర గడి. మన నాటకం ఆయన కథనే గదా!"

దారం తెగింది. చంద్రకళ సూది మీదికి వంగి, బెజ్జం కనబడనట్టు చాలాసేపు దారం ఎక్కిస్తూ కూర్చుంది.

కోరుట్లలో ఈ వాడకట్టుకు ఆమె చంద్రమ్మ. వేములవాడ దిక్కు నుంచి వచ్చిన, ఎవరూ లేని మనిషి. యాభై దాటాక మిషను నేర్చుకుని రవికెలు కుట్టి బతుకుతున్న ముసలామె. పురుషోత్తం రావు చచ్చినా ఆయన పెళ్లాం ప్రజల ముందుకు వచ్చి జవాబు చెప్పాలని నక్సలైటు అన్నలు గోడల మీద ఎర్రగా రాసిన రాతను ఆమె ఒకసారి బస్సు కిటికీలోంచి చదివింది. ఆ తర్వాత బస్సు ఎక్కలేదు.

"నాటకం చివరికి ఏమైతది?" అంది, తల ఎత్తకుండా.

"దొర ఉరుకుతడు. దొరసాని దొరుకుతది. స్తంభానికి కట్టేస్తం." హన్మంతు నవ్వాడు. బీడీ కార్ఖానాలో గుమాస్తా అతను. నాటకం తానే రాసి, దొర వేషం తానే వేస్తున్నాడు. "ఆడవేషం ఏసే లక్ష్మీరాజం ఇప్పటికెల్లే వణుకుతుండు, జనం నిజంగనే చెప్పులు ఇసురుతరని."

వేషం కోసం తెచ్చుకున్న చుట్టను వెలిగించి, దొరలా మెడ వెనక్కి వాల్చి పొగ వదిలాడు. చంద్రకళ చేతులు రెండూ గబుక్కున కొంగు కిందికి పోయాయి.

"ఆర్పెయ్. బట్టలకు వాసన పడ్తది."

"ఆర్పుత గని, గింత ఎండల గా నిండు చేతుల రవికేంది పెద్దమ్మా? ఊరందరికి కుడుతవు, నీకొక పొట్టి చేతులది కుట్టుకోరాదు?"

"ముసల్దాన్ని. నాకెందుకు షోకులు?"

అతను వెళ్లాక ఆమె రవికెకు బుట్ట చేతులు కుట్టింది. అంచుకు జరీ, వీపుకు తళుకులు. చూసినవాళ్లకు ఏ దొరసాని అయినా గుర్తు రావచ్చు, తాను మాత్రం రాకూడదు. ఇల్లు వదిలి పోదామా అనుకుంది. పోతే ఆ పోవడమే తనను పట్టిస్తుంది. ఉంటే మొగిలవ్వ కళ్లు పట్టిస్తాయి.

మర్నాడు మొగిలవ్వ హన్మంతు భుజం పట్టుకుని, కాలితో గడప తడుముకుంటూ వచ్చింది. కళ్లు రెండింటా తెల్లగా పొర కమ్మి ఉంది. ముసలిదానికి తన మొహం కనబడదని చంద్రకళకు అర్థమైంది. మాట్లాడకుండా ఉంటే చాలు.

"నీళ్లియ్యి బిడ్డా," అంది ముసలిది గడప అవతలే కూలబడి.

చంద్రకళ చెంబు, గ్లాసు తెచ్చింది. మొగిలవ్వ దోసిలి పట్టింది. చంద్రకళ గడిలో పోసినట్టే చెంబు ఎత్తి పైనుంచి ధారగా పోసింది. సగం పోశాక గానీ తెలియలేదు, రెండో చేతిలో గ్లాసు ఖాళీగా ఉందని.

"గదేంది పెద్దమ్మా? గ్లాసు చేతిల పెట్టుకొని దోసిట్ల పోస్తున్నవు!" హన్మంతు నవ్వాడు.

మొగిలవ్వ నవ్వలేదు. మూతి తుడుచుకుంటూ, నీళ్లు పడిన ఎత్తు వైపు మొహం ఎత్తింది.

"దొరసాని ఎట్లుండేదే అవ్వా? జర చెప్పు," అన్నాడు హన్మంతు.

"ఆమెనా? అరుగు మీద నిలవడేది. వాకిట్ల మమ్ములను కొడుతుంటె సూసేది. వద్దని ఒక్కనాడు నోరు తెరువలే."

చంద్రకళ గోడకు ఆనుకుంది. ఆ మాటలో అబద్ధం లేదు. అదే భయంగా ఉంది.

"అవ్వకు చేతులే కండ్లు పెద్దమ్మా," అంటూ హన్మంతు రవికె తెచ్చి ముసలిదాని ఒళ్లో పెట్టాడు. మొగిలవ్వ జరీ తడిమింది, తళుకులు తడిమింది. బుట్ట చేతుల దగ్గర వేళ్లు ఆగాయి.

"తప్పు. ఆమె రవికె చేతులు మణికట్టు దాక ఉండేటియి. రోహిణి ఎండలల్ల సుత."

"అచ్చం మా పెద్దమ్మ లెక్కనా!" అన్నాడు హన్మంతు. నవ్వుతూనే చంద్రకళ చేతుల వైపు చూశాడు. చూపు అక్కడే నిలిచింది. నవ్వు మెల్లగా సన్నబడింది. "ఎందుకే అవ్వా? గంత ఎండల నిండు చేతులెందుకు?"

"గొంతు ఎండుతుంది కొడుకా. ముందుగాల పోయి చాయ పట్టుకరా."

"చెప్పినంక తెస్త."

"తెచ్చినంకనే చెప్త. పో!"

అతను వెనక్కి చూసుకుంటూ వెళ్లాడు. వీధిలో చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా మొగిలవ్వ చెవి అటే పెట్టింది. తర్వాత చెయ్యి చాపింది.

"చెయ్యి ఇటియ్యి. ఏడి దాక కుట్టాల్నో సూపిస్త."

తప్పించుకునే దారి లేదు. చంద్రకళ సంకెళ్లకు ఇచ్చినట్టు చెయ్యి ఇచ్చింది. గడి వదిలాక బీడీ ఆకు కత్తిరించి మొద్దుబారిన మొగిలవ్వ వేళ్లు మణికట్టు దగ్గర గుండీ విప్పి, రవికె చెయ్యిని మెల్లగా పైకి జరిపాయి. ఒకచోట ఆగాయి. ఇంకొంచెం పైన మళ్లీ ఆగాయి. చంద్రకళ కళ్లు మూసుకుని కేక కోసం ఎదురుచూసింది.

మొగిలవ్వ గొంతు తగ్గించి అడిగింది:

"దొర చుట్టతోని కాల్చిన మచ్చలు ఇప్పటికన్న మానినయా, బిడ్డా?"