అంటించిన కవరు

చర్చిలో శుక్రవారం ప్రార్థన ముగించుకొని జ్ఞానాంబ మస్కట్ హమ్రియాలో తన రూమ్ మెట్లెక్కేసరికి, తలుపు ముందు ఆ ఫిలిప్పీన్స్ ముసలాయన నిలబడి ఉన్నాడు.

పేరు లీనో. పక్క వీధి కంపెనీలో సామాన్ల స్టోరు చూసుకుంటాడు. చొక్కా నిండా గ్రీజు మరకలే.

"మేరీ?" అన్నాడు.

"డ్యూటీ," అంది జ్ఞానాంబ. తాళం మాత్రం తియ్యలేదు.

అతను సంచిలోంచి ఒక కవరు తీసి, రెండు చేతులా పట్టుకొని ఇచ్చాడు. కంపెనీవాళ్ళు తనని దూరంగా రుస్తాఖ్ ఊరి సైట్‌కి పంపేస్తున్నారట. లారీ కింద ఆగి ఉందట. ఈ కవరు మేరీకి ఇవ్వాలట. అంతా వచ్చీరాని హిందీలోనే.

"జరూర్, అమ్మా. జరూర్."

అతను వెళ్ళాక కవరు తిప్పి చూసింది. జిగురు పెట్టి గట్టిగా అంటించేశాడు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. జ్ఞానాంబ కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. భర్త పోయాక ఈ దేశమొచ్చి ఆస్పత్రిలో ఆయాగా చేరి, కూతురు మేరీకుమారిని వాల్తేరులో ఎమ్మే చదివించి, తన ఆస్పత్రి ఆఫీసులోనే గుమస్తా పని ఇప్పించుకుంది. పిల్ల కళ్ళెదుట ఉంటే చాలనుకుంది. ఆ పిల్లేమో మనీలా యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు పెడతానంటోంది. మన మాటలు వాళ్ళ భాషలో ఉన్నాయట. మనం ముత్యం అంటే వాళ్ళు ముత్య అంటారట. అందుకని ఏడాదిగా శుక్రవారం సెలవు దొరికితే చాలు, మెట్ల మీద కూర్చొని ఆ ముసలాయన దగ్గర పాఠం. జ్ఞానాంబ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఎదురుగా కాపలా.

పక్క రూమ్ నర్సు మణికుమారిని పిలిచింది.

"ఏమే మణీ, చేతికిచ్చే ఉత్తరం ఎవరైనా అంటించి ఇస్తారా?"

"ఎవరిస్తారు పిన్నీ? ఊరెళ్ళేవాళ్ళ చేతికి మనం ఎన్ని ఇవ్వలేదు, అన్నీ తెరిచేగా. అంటిస్తే మోసేవాళ్ళని నమ్మనట్టే."

"అయితే ఇందులో నేను చూడకూడనిది ఏదో ఉంది."

"ఏముంటుంది, అరవయ్యేళ్ళ మనిషి."

"అరవయ్యేళ్ళొస్తే బుద్ధి వస్తుందని ఎక్కడ రాసుందే?"

"పోనీ విప్పు. నేను చదివి పెడతాను."

"నువ్వు చదివితే రేపు ఆస్పత్రంతా చదివినట్టే."

మణి మూతి తిప్పుకొని వెళ్ళిపోయింది.

జ్ఞానాంబ కిరసనాయిలు స్టవ్వు వెలిగించింది. కవరు కాలడానికి చాలాసేపే పట్టింది. లోపల కాగితాలు ఎక్కువే ఉన్నట్టున్నాయి.

సాయంత్రం మేరీ వస్తూనే అడిగింది.

"లీనో గారు ఉత్తరం ఇచ్చారామ్మా?"

"ఏం ఉత్తరం?"

"సిఫారసు ఉత్తరం. నాకు వాళ్ళ భాష వచ్చని తెలిసినవాళ్ళెవరైనా రాసివ్వాలి. అది లేకపోతే దరఖాస్తు ముట్టుకోరు."

"స్టోరు చూసుకునేవాడు రాస్తే చెల్లుతుందా?"

"నేనూ అదే అడిగాను. రాస్తాను, పంపి చూడు అన్నారు. నేను కూడా చదవకూడదు. అంటించే పంపాలి, అది వాళ్ళ రూలు."

జ్ఞానాంబ చెబుదామనుకుంది. చెబితే పిల్ల జన్మలో తన మొహం చూడదనిపించింది.

"ఇవ్వలేదమ్మా," అంది.

గడువు ముంచుకొచ్చింది. ఉత్తరం ఇవ్వాల్సిన మనిషి గడిలో లీనో పేరు, మస్కట్ అని రాసి, ఉత్తరం వెనక వస్తుందని మనవి చేసుకొని మేరీ కాగితాలు పోస్టు చేసింది. రుస్తాఖ్ వెళ్ళే లారీ డ్రైవరు బాబు మియాతో లీనోకి కబురు పంపింది.

బాబు మియా రెండు వారాలకి వచ్చాడు. మెట్ల కిందే నిలబడిపోయాడు.

"బుడ్ఢా గుజర్ గయా, బేటీ. పోయాడు. ఎండ. స్టోరు నీడలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. అక్కడే మట్టి చేశారు."

మేరీ రెండు మెట్లు దిగింది. "నా కబురు చెప్పావా?"

"మొదటి ట్రిప్పులోనే చెప్పాను. ఉత్తరం మీ అమ్మ చేతికే ఇచ్చానన్నాడు. అది పోయినా ఫరవాలేదు, మళ్ళీ రాస్తాను, కాగితాలు తెచ్చిపెట్టు అన్నాడు. నేను తెచ్చేసరికి మనిషి లేడు."

మేరీ తల్లి వంక చూసింది. జ్ఞానాంబ కళ్ళు స్టవ్వు మీదికి పోయాయి. ఆ చూపుతోనే కూతురికి అర్థమైపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి అన్నం పెట్టమంటే అన్నం, డ్యూటీకి వేళైందంటే డ్యూటీ. అంతకు మించి మాట లేదు.

రెండు నెలలకి ఆస్పత్రి పోస్టు పెట్టెకి మనీలా నుంచి జవాబు వచ్చింది.

"రాలేదు," అంది మేరీ. "సిఫారసు లేదు కనక కమిటీ ముందుకే వెళ్ళలేదట."

జ్ఞానాంబ తలెత్తలేదు.

కవర్లో ఇంకో కాగితం ఉంది. చేత్తో రాసింది. మేరీ దాన్ని తెలుగులో చెప్పుకుంటూ చదివింది.

"'ఇక్కడ దరఖాస్తులు విప్పే గుమస్తాని నేను. మీ కాగితాల్లో లీనో గారి పేరు చూసి కూలబడిపోయాను. ఆయన ఈ శాఖలోనే ప్రొఫెసరు. డెబ్బై రెండులో మిలిటరీ పాలన వచ్చాక, పట్టుకుపోతారని ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆరేళ్ళయింది. బతికున్నారని ఇవాళే తెలిసింది. ఆయన ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ మిలిటరీవాళ్ళు ఇప్పటికీ విప్పి చూస్తున్నారు. దరఖాస్తుతో వచ్చే కవరు మాత్రం నేను తప్ప ఎవరూ విప్పరు. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆయన చేత్తో రాసింది ఏదైనా సరే, ఒక్క ముక్క పంపించండి.'"

కింద సంతకం దగ్గర మేరీ ఆగిపోయింది.

"ఎవరమ్మా రాసింది?" అని అడిగింది జ్ఞానాంబ, అడగడానికే భయపడుతూ.

మేరీ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకొని, "ఆయన కూతురు," అంది.