పడుకుని తినే పెద్దమనుషులు

చిట్టీ,

నాకు రోమన్ల పిచ్చి ముదిరి ఇంటిల్లిపాదినీ నేల మీద పడుకోబెట్టి అన్నం పెడుతున్నానని మీ నాన్నతో అన్నావట. తప్పు. నేల మీద కాదు, పరుపుల మీద.

నడుముకు ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు కూర్చోకూడదని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి మీ తాతయ్య గోడవైపు తిరిగి, రెండు ముద్దలు కతికి కంచం తోసేసేవారు. పడుకుని తింటుంటే నలుగురూ చూడడం నామోషీ అట. మనిషి సగమైపోయారు.

అందుకే ఆయన మంచం పక్కన పరుపులు పరిపించి, మీ బాబాయీ పిన్నీ నేనూ ఎడమ మోచేతుల మీద ఒరిగి భోజనానికి దిగాం. మీ బాబాయి కంటే వాడి చొక్కాయే ఎక్కువ తింది.

“ఏమే, మనుషుల్లా కూర్చుని తినలేరా?” అన్నారు మీ తాతయ్య.

“రోమ్‌లో విందులకు పెద్దమనుషులు ఇలాగే ఒరిగేవారండీ. కూర్చోబెట్టేది పిల్లల్నట,” అన్నాను.

ఆయన మెల్లగా ఇటు తిరిగారు. ఆ పూట మారు వడ్డించమన్నారు.

నిన్న డాక్టరు ఇంటికొచ్చి చూసి, ఇక లేచి కూర్చోవచ్చు, నడవాలి కూడా అన్నాడు. మీ తాతయ్య కదిలితే ఒట్టు. “కూర్చుని తినడానికి నేనేమన్నా చిన్నపిల్లాడినా?” అని డాక్టరుకే రోమ్ పాఠం చెప్పి పంపించారు.

కాబట్టి ఆదివారం వచ్చేటప్పుడు మీ లైబ్రరీ నుంచి రోమన్ సైనికుల మీద పుస్తకం ఒకటి పట్టుకురా. వాళ్లు మైళ్లకు మైళ్లు నడిచేవారట. బొమ్మలున్నదే తే. గుర్రాలెక్కిన వాళ్లది మాత్రం వద్దు.