రాణులు పూసుకున్న తెలుపు

"అది విషమని వాళ్ళకెవరూ చెప్పలేదా అమ్మా?"

చివరి వరుసలోంచి వచ్చిన ప్రశ్నకి ఝాన్సీలక్ష్మి స్లైడు మార్చబోయి ఆగింది.

కెనడాలో సస్కటూన్ తెలుగువాళ్ళ మహిళా దినోత్సవం అది. ఒకప్పటి యూరప్ శుభ్రత గురించీ సింగారం గురించీ చెబుతూ అరగంటగా హాలంతటినీ నవ్విస్తోంది ఝాన్సీ. నీళ్ళు తగిలితే రోగాలొస్తాయని స్నానం మానేసి, చొక్కా మార్చుకుంటే చాలనుకున్న దొరలు. తెల్లగా కనబడాలని మొహానికి సీసం పూసుకుని, దానివల్ల పడ్డ మచ్చలు పోవడానికి పాదరసం రాసుకున్న దొరసానులు.

"చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారండీ. వినేవాళ్ళే ఉండరు!" అంది.

చప్పట్లు మోగాయి. అడిగినావిడ మాత్రం కొట్టలేదు.

యాభై దాటిన మనిషి. వెలిసిపోయిన కోటు. ఆవిడెవరో అక్కడ ఎవరికీ తెలీదు. విన్నిపెగ్ నుంచి బస్సులో వచ్చిందట.

సమోసాల దగ్గర కూతురితో ఉన్న ఝాన్సీ పక్కకి ఆవిడ వచ్చి నిలబడింది. మొహం వదిలేసి చెవులూ మెడా చూస్తోంది. అవి మొహమంత తెల్లగా లేవు మరి.

"ఏం క్రీమ్ వాడతావమ్మా?"

ఝాన్సీకి చిర్రెత్తుకొచ్చింది. మర్యాదకి నవ్వింది.

"ఇంట్లో చేసిందేనండీ. కుంకుమపువ్వు, బాదంనూనె. కెమికల్స్ ఉండవు. ఫ్రెండ్ ద్వారా తెప్పించుకుంటా."

"పాపకీ రాస్తావా?"

"రోజూ స్నానం చేయించాక. పుట్టినప్పుడు నా చామనఛాయే, పిచ్చితల్లి."

ఆవిడ చటుక్కున మోకాళ్ళ మీద కూర్చుని, ఆరేళ్ళ వర్షిణి చేతులు పట్టుకుంది.

"అరికాళ్ళు మండుతున్నాయా తల్లీ?"

"యా. ఆల్ ద టైమ్. హౌ డూ యూ నో?"

ఝాన్సీ ఉలిక్కిపడింది. రెండు నెలలుగా పిల్ల కాళ్ళనొప్పులని ఏడుస్తోంది. ముగ్గురు డాక్టర్లు చూశారు. రోగం పేరు ఒక్కరూ చెప్పలేదు. ఈవిడకెలా తెలుసు?

అడిగేలోపే మైకులో జ్ఞాపిక కోసం పిలిచారు.

తీసుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ చెయ్యి ఝాన్సీ హ్యాండ్‌బ్యాగులో ఉంది! క్రీమ్ డబ్బా బయటికి తీసి, ఒక టిష్యూకి క్రీమ్ రాసుకుంటోంది.

"దొంగతనమా? ఛీ!"

అందరూ ముక్కున వేలేసుకున్నారు.

"ఇది పాపకి రాయకమ్మా. ఇందులో పాదరసం ఉంది. నీ కాళ్ళు పట్టుకుంటా, డబ్బా నాకిచ్చెయ్."

"పాదరసమా? నా స్లైడ్లలో చూసింది నాకే చెప్తున్నారా?"

హాలు గొల్లుమంది. ఝాన్సీ డబ్బా లాక్కుంది. ఆవిడ చేతిలో టిష్యూ మాత్రం మిగిలింది.

"ఆడమనిషని పోలీసుల్ని పిలవట్లేదు. దయచెయ్యండి" అన్నారు సంఘం అధ్యక్షుడు భీమారావు గారు.

ఆవిడ మంచులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఝాన్సీ కూతురికి పంతం కొద్దీ కాస్త ఎక్కువే రాసింది. ఆ తర్వాతా మానలేదు.

పన్నెండో రోజున వర్షిణి మంచం దిగలేకపోయింది.

ఆస్పత్రిలో చేర్చిన మధ్యాహ్నమే హెల్త్ డిపార్టుమెంటు ఆఫీసరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఆమె చేతిలో మహిళా దినోత్సవం కరపత్రం. దాని మీద ఝాన్సీ పేరు చుట్టూ పెన్నుతో గీసిన సున్నా.

"మీరు వాడే క్రీమ్ వెంటనే ఆపండి. టిష్యూ మీది క్రీమ్ టెస్ట్ చేయించాం. అందులో పాదరసం ఉండదగ్గ హద్దుకి వేల రెట్లు ఎక్కువుంది. పాప మూత్రంలోనూ అదే ఉంది."

ఝాన్సీ మంచం మీది కూతురి వైపు తిరిగింది. నవ్వుతూ నవ్వుతూ కన్నకూతురికి తన చేత్తోనే రాసింది! వద్దని కాళ్ళు పట్టుకుంటానన్నా రాసింది!

"బతుకుతుందా?"

"బతుకుతుంది. మందుంది. పన్నెండు రోజుల ముందే ఆపి ఉంటే ఇంత బాధ పడేది కాదు."

ఝాన్సీ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆవిడ ఎక్కడున్నారు? ఒక్కసారి కలవాలి. క్షమించమని అడగాలి."

"ఎవర్నీ కలవనన్నారు. తనకి గుర్తున్న పేర్లన్నీ రాసిచ్చారు. గుర్తులేనివాళ్ళ కోసం తెలుగువాళ్ళు పోగయ్యే ప్రతిచోటికీ వెళ్ళి మొహాలు వెతుకుతున్నారు."

"అంత పెద్ద డాక్టర్ని దొంగ అన్నాను."

ఆఫీసరమ్మ కరపత్రం మడిచింది.

"డాక్టర్ కాదమ్మా, ఆ క్రీమ్ కలిపి అమ్మింది ఆవిడే, మొదటి డబ్బా వాడి చనిపోయింది ఆవిడ కూతురే."