తొమ్మిదింటి బస్సు

బస్సు ఆరోజూ కదల్లేదు.

కామెన్‌దోల్ ఊరి మలుపులో ఇంజను ఆపి, డ్రైవరు స్పాస్ తలుపులు మూసుకుని కూర్చున్నాడు. లోపల పదిమంది ముసలివాళ్ళు. అద్దంలోంచి చూస్తే అందరి తలలూ అతని ఒళ్ళోకే వంగి ఉన్నాయి. మధ్యమధ్య గొల్లున నవ్వులు.

పేకాట కాబోలు అనుకుంది బయట వణుకుతున్న రలీత్సా. అద్దం మీద కొట్టింది.

"తొమ్మిదింటికి పోవాల్సిన బండి కదయ్యా! ఇంకెంతసేపు?"

"నలభై నిమిషాలమ్మా. బండి వేడెక్కింది."

చలికి ముక్కు ఊడి పడేట్టున్న నెలలో బండి వేడెక్కడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ ఊళ్ళో అంతుపట్టనిది అదొక్కటే అయితే బాగుండేది.

యూరప్ అంతటా జరిగే పరిశోధన కోసం రాజధాని సోఫియా నుంచి వచ్చింది రలీత్సా. కంప్యూటరు పనులు, కొత్త సాంకేతికత ఎవరికి ఎంత వచ్చో ఇల్లిల్లూ తిరిగి అడగాలి. కామెన్‌దోల్‌లో మనుషులకంటే మేకలెక్కువ. కంప్యూటరు ఒక్కటీ లేదు. తీరా జవాబులు చూస్తే, ఆ ఊరు రాజధానిని చిత్తుగా ఓడించింది!

ముందురోజు ఎనభై రెండేళ్ళ స్టోయ్‌నా అవ్వ చిక్కుడు గింజలు ఏరుతూ జవాబులు చెప్పింది.

"ఇంటర్నెట్‌లో డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నావా అవ్వా?"

"మంగళవారమే తీసుకున్నాగా."

"ప్రభుత్వానికి దరఖాస్తులేమైనా?"

"పెన్షన్‌ది పంపా. చలికాలం కట్టెల సాయానిది వచ్చే వారం పంపుతా."

"ఈ ఏఐని ఎప్పుడైనా ఏమైనా అడిగావా?"

"ఆలుగడ్డ ఆకు చూపించా. తెగులంది. మందు కూడా చెప్పింది. నువ్వింకా అడగలేదా పిల్లా?"

"ఎవరు నేర్పారు ఇవన్నీ?"

అవ్వ ఒక గింజను కంటికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"చలికి నా చెవులు పనిచేసి చావవు."

ఏ ఇంట అడిగినా అంతే. ఆ ఒక్క ప్రశ్నకే ఊరంతటికీ చెవుడు.

సోఫియా నుంచి పైఅధికారి దిమితర్ ఫోన్‌లో అరిచాడు. "మేకలు కూడా ఈమెయిల్ పంపాయని రాయలేకపోయావా? నేనే వస్తా. నా కళ్ళెదుట చేసి చూపించాలి. లేదా నువ్వు వేరే ఉద్యోగం చూసుకో."

ఇప్పుడు ఈ బస్సు ఆలస్యానికి సోఫియాకు పోయే బండి కూడా తప్పిపోయింది. ఒళ్ళు మండి, బస్సు కంపెనీకి అక్కడికక్కడే రాసి పడేసింది రలీత్సా: 'మీ డ్రైవరు రోజూ నలభై నిమిషాలు బండి ఆపి ప్రయాణికులతో పేకాడుతున్నాడు.'

నెల తర్వాత దిమితర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. డ్రైవరు కొత్తవాడు. వాళ్ళను దించి, ఇంజనైనా ఆపకుండా తొమ్మిదింటికల్లా వెనక్కి తిప్పుకుపోయాడు.

ఇప్పటికి ఈ బస్సు బాగుపడిందనుకుంది రలీత్సా.

"అవ్వా, డాక్టరు అపాయింట్‌మెంట్ తీసి ఈ సారుకు చూపించు."

"నాకు రాదు."

"పోనీ, కట్టెల దరఖాస్తు?"

"గడువు దాటిపోయింది." అవ్వ ఖాళీ పొయ్యి వైపు చూసింది.

పక్కింట్లో రాదన్నారు. ఎదురింట్లో రాదన్నారు. రలీత్సా మళ్ళీ అవ్వ ఇంటికే వచ్చింది.

"నెలలో ఊరంతా ఎలా మరిచిపోతారవ్వా?"

దిమితర్ విసుక్కున్నాడు. "అసలు ఈ ఊళ్ళో కంప్యూటరంటూ ఉందా?"

అవ్వ శాలువా బిగించుకుంది.

"ఉండేది నాయనా. రోజూ తొమ్మిదింటికి వచ్చేది, బండి వేడెక్కిందని అబద్ధమాడి నలభై నిమిషాలు మా పనులన్నీ తన ఫోన్‌లో చేసిపెట్టి పోయేది. వాడి కొలువు పోతుందనే మేమెవరం నోరు విప్పలేదు."